ఎట్ల తెలుసు?

ప్రసంగం మొదలుపెట్టే ముందు మీకో చిన్న పని. ఒక తెల్లకాగితం, పెన్సిలు, స్కేలు, ఒక గాజు దగ్గర పెట్టుకోండి. చేతికి వేసుకునే గాజే. దాన్ని కాగితం మధ్యలో ఆనించి చుట్టూ గీత గీయండి. వృత్తం వచ్చింది. నడిమధ్యన చుక్క పెట్టి ‘ఓ’ అని పేరు రాయండి. అది కేంద్రం. ఇప్పుడు వృత్తానికి బయట, కుడివైపు కాస్త దూరంలో ఇంకో చుక్క పెట్టండి. దాని పేరు ‘పి’. పి దగ్గర స్కేలు పెట్టి, వృత్తం పైఅంచును ఒరుసుకుంటూ, లోపలికి మాత్రం దూరకుండా ఒక గీత గీయండి. ఆ గీత వృత్తాన్ని తాకిన చోటు ‘ఎ’. మళ్లీ పి నుంచే, ఈసారి కింది అంచును ఒరుసుకుంటూ ఇంకో గీత. అది తాకిన చోటు ‘బి’.

రేడియోలో బొమ్మ కనిపించదు. అయినా మీ కాగితం మీదున్న బొమ్మ, నా ముందున్న బొమ్మ ఒకటే. గాజు పెద్దదో చిన్నదో కావచ్చు, అంతే తేడా. నోటిమాట మీదనే ఆ బొమ్మ మీ ఇంటికి వచ్చింది. పదో తరగతి పిల్లలకు వృత్తాల పాఠంలో నిరూపణలు ఎందుకు కొరకరాని కొయ్యలవుతున్నాయి, వాళ్లకు ఎవరు, ఎట్లా సాయపడొచ్చు అన్నది ఈ రోజు మాట్లాడుకోవాల్సిన సంగతి. దానికి జవాబు ఇప్పుడు మీరు చేసిన పనిలోనే సగం ఉంది.

మాది బసంత్‌నగర్. పెద్దపల్లి నుంచి రామగుండం పోయే రాజీవ్ రహదారి మీద వస్తుంది. 1969లో ఇక్కడ కేశోరాం సిమెంటు ఫ్యాక్టరీ మొదలైంది. బసంత్ కుమార్ బిర్లా పేరే ఊరి పేరయింది. కాస్త ముందుకు పోతే ఎన్టీపీసీ పొగ గొట్టాలు, ఆ తర్వాత గోదావరిఖని, సింగరేణి బొగ్గు బాయిలు. ఈ పట్టీలో ఇళ్లు షిఫ్టుల లెక్కన నడుస్తాయి. బిడ్డ బడి నుంచి వచ్చేసరికి తండ్రి రెండో షిఫ్టులో ఉంటాడు. బిడ్డ పుస్తకం ముందు కూర్చున్నప్పుడు ఆయన నైట్ షిఫ్టుకు తయారవుతుంటాడు. తల్లికి ఇంటిపనే సరిపోతుంది. మరి ఆ పిల్లకు లెక్కల్లో తోడెవరు? ఈ చుట్టుపక్కల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను. ఆ ముప్పై ఏళ్లూ నన్ను వెంటాడిన ప్రశ్న ఇది.

కొన్నేళ్ల కిందట, ఫిబ్రవరిలో ఒక రాత్రి ఎనిమిదిన్నరకు ఫోను మోగింది. మా బడిలో పదో తరగతి చదివే అమ్మాయి.

“సార్, రేపు ప్రీ ఫైనల్. వృత్తాల్లో ఒక్క లెక్క వస్తలేదు.”

“ఏం లెక్కనమ్మా?”

“చతుర్భుజం సార్. వృత్తాన్ని తాకుకుంట ఉంటది. ఎబి, సిడి కలిపితే వచ్చేదీ, బిసి, డిఎ కలిపితే వచ్చేదీ సమానమని నిరూపించాలె.”

“బొమ్మ ఎట్లుంది?”

“బుక్కుల ఉన్నట్టే సార్.”

“బుక్కు నా దగ్గర లేదు బిడ్డా. నువ్వు చెప్పు, నేను గీస్తా.”

ఆమె దగ్గరున్నది వాళ్ల బాపు బటన్ల ఫోను. ఫొటో తీసి పంపే సౌకర్యం లేదు. కాసేపు చప్పుడు లేదు. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది. “ఒక వృత్తం సార్. చతుర్భుజం...” నేను వృత్తం లోపల చతుర్భుజం గీశాను. అదే చెప్పాను. “లోపల కాదు సార్, బయట.” “బయటంటే దూరంగానా?” “కాదు సార్, నాలుగు భుజాలూ వృత్తాన్ని తాకాలె.” “ఒక్కో భుజం ఎన్నిచోట్ల తాకుతుంది?” “ఒక్క చోటనే.” “ఆ చోట్లకు పేర్లు పెట్టినవా?” “లేదు సార్.” “పెట్టు మరి. పేరు లేకపోతే ఎట్ల పిలుస్తం?”

పేర్లు పెట్టింది. “ఇప్పుడు ఎ అనే మూల దగ్గర నిలబడి చూడు. అక్కడి నుంచి వృత్తం దాకా పోయే గీతలెన్ని?”

“రెండు సార్...” ఆగింది. కాగితం గరగరలాడిన చప్పుడు వినిపించింది. “సార్, ఉండుండి. ఆ రెండూ సమానం కదా! బి దగ్గర కూడా రెండు సమానం. వచ్చింది సార్! పెట్టేస్తున్న.” ఫోను పెట్టేసింది.

ఆ రాత్రి నేను ఒక్క మెట్టు కూడా చెప్పలేదు. అడిగింది మాత్రమే నేను, చెప్పుకున్నది ఆమె.

వింటున్న పిల్లల కోసం ఆ లెక్క చెప్తాను. కళ్లు మూసుకుని కూడా వినొచ్చు. నాలుగు మూలలు, ఒక్కో మూల నుంచి వృత్తాన్ని తాకే చోటి దాకా రెండేసి ముక్కలు. ఒకే మూల నుంచి బయలుదేరిన రెండు ముక్కలూ సమానం. అంటే ఒక్కో మూలకు ఒకే కొలత ఉన్న కవల ముక్కలు రెండు. ఇప్పుడు ఎబి భుజాన్ని చూడండి. అందులో ఎ కవలల్లో ఒకటి, బి కవలల్లో ఒకటి ఉన్నాయి. ఎదుటి భుజం సిడిలో సి కవలల్లో ఒకటి, డి కవలల్లో ఒకటి. ఈ రెండు భుజాలూ కలిపితే నాలుగు జంటల నుంచీ ఒక్కొక్కటి వచ్చేసింది. మిగిలిన రెండు భుజాల్లో ఏముంది? అవే నాలుగు జంటల్లో మిగిలినవి, ఒక్కొక్కటే. కాబట్టి మొత్తాలు సమానం. అయిపోయింది.

ఆ తర్వాత ఒకరోజు ఆ అమ్మాయి తండ్రి మార్కెట్లో కలిశాడు. గోదావరిఖనిలో బాయి పని. “బిడ్డ మంచిగ చదువుతున్నది. ఇంట్ల ఎవరు చెప్తరు?” అని అడిగాను.

“నాకేం లెక్కలొస్తయి సార్. ఏడు దాకనే చదివిన. షిఫ్టు లేనప్పుడు పక్కన కూసుంట. ఆమె ఏది చెప్పినా ‘ఎట్ల తెలుసు?’ అని అడుగుత. గంతే.”

“అట్ల అడగాలని ఎవరు చెప్పిండ్రు?”

ఆయన నవ్వాడు. “బాయిల మా సర్దార్ గట్లనే అడుగుతడు సార్.”

ఈ మాట నేను బీయీడీలో వినలేదు. గని లోపల పనిచోటికి పోగానే ముందు చేసే పని కప్పును పరీక్షించడం. సర్దార్ చేతిలో కర్ర ఉంటుంది. కప్పును కొట్టి చూస్తాడు. గట్టి కప్పు ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే డొల్ల చప్పుడు వస్తుంది. చూడటానికి రెండూ ఒక్కతీరే ఉంటాయి. క్యాప్ ల్యాంపు వెలుగులో ఎంతసేపు చూసినా తేడా తెలియదు. ‘కప్పు మంచిగనే ఉన్నది’ అని ఎవరన్నా అంటే ‘ఎట్ల తెలుసు? కొట్టి చూసినవా?’ అని అడుగుతారు. కంటికి కనిపించింది కదా అని కప్పు కింద నిలబడితే ప్రాణం మీదికొస్తుంది.

రేఖాగణితంలో నిరూపణ అంటే ఆ కర్రే. బొమ్మ కప్పులాంటిది. రెండు గీతలు సమానంగా కనిపిస్తాయి, కోణం తొంభైలా కనిపిస్తుంది. కొట్టి చూడాలి.

ఇందాక గాజుతో గీసిన బొమ్మను ముందు పెట్టుకోండి. దాన్ని కొట్టి చూద్దాం. ఇంట్లో ఎవరైనా ఒకరు ‘ఎట్ల తెలుసు?’ అని అడగాలి. అమ్మమ్మైనా సరే.

పి నుంచి ఎ దాకా, పి నుంచి బి దాకా దూరాలు సమానం. ఎట్ల తెలుసు? కేంద్రం ఓ నుంచి ఎ, బి, పి మూడింటికీ గీతలు కలపండి. పైన ఒక త్రిభుజం, కింద ఒక త్రిభుజం వచ్చాయి. అవి సర్వసమానం కాబట్టి. ఎట్ల తెలుసు? రెండింటికీ ఓపి ఉమ్మడి కర్ణం. ఓఎ, ఓబి రెండూ వ్యాసార్థాలే కాబట్టి సమానం. ఎ దగ్గర, బి దగ్గర లంబకోణాలు. లంబకోణం, కర్ణం, భుజం కుదిరాయి కాబట్టి సర్వసమానం. సరే, ఎ దగ్గర లంబకోణమని ఎట్ల తెలుసు? పిఎ గీత వృత్తాన్ని ఒక్క ఎ దగ్గరే తాకింది. ఆ గీత మీద మిగిలిన ప్రతి బిందువూ వృత్తానికి బయటే ఉంది. బయట ఉందంటే కేంద్రానికి వ్యాసార్థం కంటే ఎక్కువ దూరంలో ఉంది. కాబట్టి ఆ గీత మీద కేంద్రానికి అన్నిటికంటే దగ్గరి చోటు ఎ. ఒక బిందువు నుంచి ఒక గీతకు అతి దగ్గరి దారి లంబమే. అందుకని లంబకోణం.

చూశారా, ఒక్కో ‘ఎట్ల తెలుసు’కు ఒక్కో మెట్టు కిందికి దిగాం. బాయి ఇంక్లైనులో దిగినట్టు దిగి, గట్టినేల తగిలినచోట ఆగాం. పరీక్షలో రాయాల్సింది ఇదే దారి, కింది నుంచి పైకి. అడిగేటప్పుడు దిగుతాం, రాసేటప్పుడు ఎక్కుతాం. పుస్తకంలో ఎక్కిన దారి మాత్రమే అచ్చవుతుంది. దిగిన దారి కనిపించదు. అందుకే ఆ మెట్లు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయో అర్థంకాక పిల్లలు బట్టీ పడతారు.

ఇది కొత్త విద్య కాదు. క్రీస్తుకు సుమారు 300 ఏళ్ల ముందు యూక్లిడ్ రాసిన ‘ఎలిమెంట్స్’లో మూడో భాగమంతా వృత్తాలే. అందులోని 37 ప్రతిపాదనలూ ఇట్లా ఒకదాని భుజం మీద ఒకటి నిలబడతాయి. మనవైపు వస్తే, తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పద్యంలో చెప్పిన లెక్కకు బొమ్మ ఉండదు. విన్నవాడే మనసులోనో ఇసుకలోనో గీసుకోవాలి. అంటే వెయ్యేళ్ల కిందటే తెలుగులో లెక్కల రేడియో ఉందన్నమాట! బొమ్మను మాటల్లో పెట్టడం, మాటల్లోంచి బొమ్మను తీయడం మన భాషకు ఏనాటి నుంచో అలవాటున్న పని.

భాష మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఇప్పుడు బడుల్లో ఇంగ్లీషు మీడియం. పిల్ల టాంజెంట్ అంటుంది, తల్లికి ఆ మాట తెలియదు. ఒక పక్క తెలుగు, ఎదుటి పక్క ఇంగ్లీషు అచ్చువేసిన పాఠ్యపుస్తకాలు కొన్నేళ్లుగా వస్తున్నాయి. తెలుగు పక్క కూడా చదవండి. స్పర్శరేఖ అంటే తాకే గీత. పేరులోనే అర్థముంది. ఛేదనరేఖ అంటే కోసుకుంటూ పోయే గీత. చక్రీయ చతుర్భుజం అంటే నాలుగు మూలలూ వృత్తం మీద ఉన్న చతుర్భుజం. మాట అర్థమైతే బొమ్మ తప్పు పోదు. పరీక్ష ఏ భాషలో రాసినా ఆలోచన ఇంటి భాషలో సాగితే మేలే.

మన పట్టీలో వృత్తాలకు కొదవ లేదు. బొగ్గు మోసే కన్వేయర్ బెల్టు రెండు డ్రమ్ముల చుట్టూ తిరుగుతుంది. డ్రమ్మును వదిలి బెల్టు తిన్నగా సాగే చోట అది ఆ వృత్తానికి స్పర్శరేఖ. బాయి మీద హెడ్‌గేర్ చక్రం నుంచి తాడు కిందికి దిగే చోట కూడా అంతే. సిమెంటు ఫ్యాక్టరీలో క్లింకర్ తయారయ్యే కిల్న్ చూడండి. పెద్ద ఇనుప గొట్టం, కొంచెం వాలుగా పడుకుని మెల్లగా తిరుగుతుంటుంది. లోపల పదార్థం సుమారు 1450 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఆ బరువంతా ఎక్కడ ఆనింది? గొట్టానికి తొడిగిన ఉక్కు టైర్ల కింద, ఒక్కోదానికి రెండేసి రోలర్లు ఉంటాయి. టైరు ఒక వృత్తం, రోలర్లు రెండు వృత్తాలు. రెండు వృత్తాలు బయట తాకినప్పుడు వాటి కేంద్రాలు, తాకిన చోటు ఒకే గీత మీద ఉంటాయి. టైరు కేంద్రం నుంచి రెండు రోలర్ల కేంద్రాలకు గీతలు గీస్తే, మామూలుగా వాటి మధ్య కోణం 60 డిగ్రీలు, నిలువు గీతకు అటు 30, ఇటు 30. మీ నాన్న అందులో పనిచేస్తుంటే ఈ బొమ్మ ఆయన్నే అడిగి గీయించుకోండి. మీకంటే బాగా గీస్తాడు.

ఇక పరీక్ష సంగతికి వస్తాను. స్పాట్ వాల్యుయేషన్‌లో చాలా ఏళ్లు జవాబుపత్రాలు దిద్దాను. బట్టీ పట్టిన నిరూపణను గుర్తుపట్టడం చాలా తేలిక. బొమ్మలో తాకే బిందువు పేరు క్యూ అని ఉంటుంది, కింద రాసిన నిరూపణలో మాత్రం అది ఎ అవుతుంది. బొమ్మ ప్రశ్నలోది, నిరూపణ గైడులోది! రెండూ ఒకదాన్నొకటి చూసుకోలేదు. ఇంకో రకం ఉంది. నిరూపించాల్సిన మాటనే మధ్యలో కారణంగా రాసేస్తారు. మరో రకం, ప్రశ్నలో ఎక్కడా చెప్పకపోయినా జ్యాను కేంద్రం గుండా గీసి, అది వ్యాసమైపోయిందని లంబకోణం తెచ్చుకుంటారు. ఈ మూడు తప్పులకూ మందు ఒక్కటే. ప్రతి వరుస పక్కన, అది ఎట్ల తెలుసో బ్రాకెట్లో రాయండి. దత్తాంశం వల్లనా, నిర్మాణం వల్లనా, ముందు చదివిన సిద్ధాంతం వల్లనా? కారణం రాయలేని వరుస దగ్గర ఆగిపోండి. డొల్ల చప్పుడు వచ్చేది అక్కడే.

జవాబు రాసే వరుస పాతదే. దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి. మొదటి మూడూ, బొమ్మా శుభ్రంగా ఉంటే నిరూపణ సగంలో ఆగినా మార్కులు పూర్తిగా పోవు. మెట్టు మెట్టుకూ మార్కులుంటాయి. కాబట్టి ఖాళీగా వదలొద్దు.

నిర్మాణం లెక్క ఒకటి చూద్దాం. పరీక్షల్లో తరచూ వచ్చే రకం. 6 సెంటీమీటర్ల వ్యాసార్థంతో వృత్తం. కేంద్రానికి 10 సెంటీమీటర్ల దూరంలో బిందువు. అక్కడి నుంచి స్పర్శరేఖల జత గీయాలి. పిల్లలు ఓపికి మధ్యబిందువు కనుక్కుని, అక్కడ వృత్తలేఖిని మొన పెట్టి, ఓ, పి రెండింటి మీదుగా పోయే వృత్తం చక్కగా గీస్తారు. అది మొదటి వృత్తాన్ని ఖండించిన రెండు చోట్లనూ పితో కలుపుతారు. అవి స్పర్శరేఖలేనని ఎట్ల తెలుసు అని అడిగితే తెల్లమొహం వేస్తారు. ఓపి ఆ రెండో వృత్తానికి వ్యాసం. వ్యాసం మీద నిలబడిన అర్ధవృత్తంలో కోణం లంబకోణం. వ్యాసార్థం చివర దానికి లంబంగా ఉన్న గీత స్పర్శరేఖ. మళ్లీ, అర్ధవృత్తంలో కోణం లంబకోణమని ఎట్ల తెలుసు? అర్ధవృత్తం మీది ఆ మూలను ఆ రెండో వృత్తం కేంద్రంతో కలపండి. రెండు సమద్విబాహు త్రిభుజాలు వస్తాయి. కోణాలు మీరే కూడండి. చివర్న స్కేలు పెట్టి స్పర్శరేఖ కొలవండి. 8 సెంటీమీటర్లు రావాలి. ఎందుకంటే 36కు 64 కలిపితే 100. పెన్సిలు గీసిన దాన్ని పైథాగరస్ తనిఖీ చేస్తాడన్నమాట.

ఇక సాయం ఎక్కడ దొరుకుతుంది? పరీక్షల ముందు బడిలో సాయంత్రం ప్రత్యేక తరగతులుంటాయి, ఎగ్గొట్టొద్దు. టీశాట్ చానల్లో లెక్కల పాఠాలు వస్తాయి. చూసేటప్పుడు బొమ్మ గీయగానే ఆపి, ముందు మీరే రెండు నిమిషాలు ప్రయత్నించి తర్వాత చూడండి. ఫోన్లో ఫొటో తీస్తే జవాబు చెప్పే యాప్‌లు వచ్చాయి. జవాబు వస్తుంది నిజమే. పరీక్ష హాల్లోకి ఆ ఫోను రాదు. పైగా ఫొటో తీసినవాళ్లు బొమ్మను మాటల్లో చెప్పే పని తప్పించుకుంటారు. ఆ అమ్మాయి ఫోనుకు కెమెరా ఉండి ఉంటే, ఆ రాత్రి ఆ లెక్క నేను చేసి పంపేవాణ్ణి. ఆమె దాన్ని ఎత్తి రాసుకునేది.

మంచి సాయం ఒకటుంది, పైసా ఖర్చు లేదు. ఇద్దరు స్నేహితులు వీపుకు వీపు ఆనించి కూర్చోండి. ఒకరు పుస్తకం చూస్తూ బొమ్మను మాటల్లో చెప్పాలి, ఇంకొకరు గీయాలి. వేళ్లతో చూపించొద్దు, ‘గట్ల, గిట్ల’ అనొద్దు. తర్వాత రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ ఒక షరతు చెప్పడం మరిచారు. నిరూపణలో మీకు అందకుండా పోతున్న ఆధారం చాలాసార్లు ఆ మరిచిన షరతే.

తల్లిదండ్రులకు ఒక మాట. మీకు లెక్కలు రావని పక్కకు తప్పుకోకండి. తప్పో ఒప్పో మీరు తేల్చక్కర్లేదు. వారానికి రెండు రోజులు, షిఫ్టు కుదిరిన పూట, పావుగంట పక్కన కూర్చోండి. రెండే మాటలు అడగండి. ‘బొమ్మ చెప్పు.’ ‘ఎట్ల తెలుసు?’ బిడ్డ తడబడితే తిట్టకండి, ఆ చోటు కింద గీత గీయించండి. తెల్లారి ఆ గీత పట్టుకుని సారు దగ్గరికి పోతుంది. ‘వృత్తాలు అర్థం కాలేదు సార్’ అని వచ్చే పిల్లకు నేనేం చెప్పాలో నాకు తెలిసేది కాదు. ‘ఈ మూడో వరుస ఎట్ల వచ్చింది సార్?’ అని వచ్చే పిల్లకు రెండు నిమిషాలు చాలు.

ఆ అమ్మాయి ప్రీ ఫైనల్ అయిన మర్నాడు బడిలో కనిపించింది. లెక్క వచ్చిందా అని అడిగాను. “వేరేది వచ్చింది సార్” అంది. పరీక్షలు అంతే కదా! ఆ వచ్చిన లెక్క ఏమిటో పుస్తకం తీయకుండా, బొమ్మతో సహా నోటితోనే చెప్పింది. నిలబడిన చోటే నా అరచేతిలో పెన్నుతో గీసుకున్నాను. మధ్యలో ఒకచోట నేను తొందరపడి “ఆ రెండు కోణాలూ సమానం, తర్వాత?” అన్నాను. ఆమె ఆగి నా మొహంలోకి చూసింది.

“ఎట్ల తెలుసు సార్?”

నిజానికి అవి సమానమని ప్రశ్నలో ఎక్కడా లేదు. నా అరచేతి బొమ్మలో అట్లా కనిపించాయి, అంతే. ముప్పై ఏళ్ల సర్వీసులో నా కప్పు కొట్టి చూసిన పిల్ల ఆమె.

శ్రోతలారా, మీ ముందు ఆ గాజు బొమ్మ ఇంకా ఉంది కదా. ఎ, బి రెండింటినీ గీతతో కలపండి. ఓ నుంచి పికి పోయే గీత దాన్ని ఒకచోట దాటుతుంది. సరిగ్గా సగానికి, సరిగ్గా లంబంగా దాటినట్టు కనిపిస్తోంది. పిఎ, పిబి సమానమని ఇందాకే తేల్చాం, పి దగ్గరి రెండు కోణాల సంగతి కూడా ఆ సర్వసమాన త్రిభుజాలే చెప్తాయి. మిగిలింది మీ పని. రాసి, పక్కనున్న వాళ్లకు వినిపించండి. వాళ్లు ఏం అడుగుతారో మీకు తెలుసు.